సుత్తి దెబ్బల జాడలు

ఒక రాగి తీగ ముక్కను తీసికొని, ఒకే చోట అటునిటు నాలుగైదు మారులు వంచి చూడుడు. మొదటిసారి వంగినంత సులభముగ అది మూడవసారి వంగదు. ఐదవసారికి మరింత బిరుసెక్కును. ఇంకను వంచుచుండినచో పుటుక్కున విరుగును. విరుగకముందే దానిని బున్‌సెన్ మంటలో ఎర్రబడునట్లు కాల్చి నీటిలో ముంచి తీసినచో, తిరిగి మొదటివలె మెత్తబడును. ఉక్కును ఎర్రగ కాల్చి నీటిలో ముంచినచో గట్టిపడునని మన కమ్మరులందరికి తెలిసినదే. రాగి విషయములో జరుగునది దీనికి విరుద్ధము. తరగతిలో పది నిమిషములలో చేసి చూపదగిన ఈ ప్రయోగము, పందొమ్మిదవ శతాబ్దము చివర ఇంగ్లండులో లోహపు పాత్రలను గూర్చి చెలరేగిన ఒక పెద్ద వివాదమును అర్థము చేసికొనుటకు మనకు ఎంతయో ఉపకరించును.

రాగి చూచుటకు ఏకఖండముగ కనిపించినను, అది అసంఖ్యాకములైన చిన్న స్ఫటికముల కూర్పు. ఒక్కొక్క స్ఫటికములో పరమాణువులు వరుసలు తీర్చి ఉండును. ఆ వరుసలలో అక్కడక్కడ క్రమము తప్పిన చోట్లుండును. వీటిని స్థానభ్రంశములందురు. లోహము వంగుటయు, సాగుటయు ఈ స్థానభ్రంశములు ఒక చోటి నుండి మరియొక చోటికి జరుగుటవలననే సాధ్యమగుచున్నది. సుత్తితో కొట్టిన కొలది ఇవి విపరీతముగ పెరిగి ఒకదాని దారికి మరియొకటి అడ్డుపడును. తిరునాళ్ళలో జనము క్రిక్కిరిసినప్పుడు ఎవరును ముందుకు కదలలేకపోవుట వంటిదే ఇది. ఎర్రగ కాల్చినచో పాత స్ఫటికముల స్థానములో క్రొత్త స్ఫటికములు పుట్టి దారి తెరుపు పడును. టేలర్, ఒరోవాన్, పొలానీ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ సిద్ధాంతమును వేరువేరుగా ప్రతిపాదించినది 1934లో. కంచరి చేతికి మాత్రము ఈ సంగతి వేల సంవత్సరములుగా తెలియును.

చదునైన రాగిరేకు చెంబుగా మారుట ఎట్లో చూతము. రేకును గుండ్రముగ కత్తిరించి, దాగలిపై ఏటవాలుగ ఆనించి, చుట్టును వరుసలు వరుసలుగ కొట్టుదురు. ఒక్కొక్క చుట్టుకు అంచు కొంచెము లోనికి ముడుచుకొని గోడ పైకి లేచును. ఒకటి రెండు చుట్లకే లోహము బిరుసెక్కును. మరల కాల్చవలెను. కాల్చినప్పుడు పైన ఏర్పడిన నల్లని ఆక్సైడు పొరను సజల గంధకికామ్లములో ముంచి తొలగింపవలెను. మరల కొట్టవలెను. లోతైన పాత్రకు ఈ తతంగము అనేక పర్యాయములు జరుగును. తొందరపడి కాల్చుట మానివేసినచో అంచు పగులును. ఆకారము కుదిరిన పిమ్మట, అద్దమువలె నునుపైన ముఖము గల సుత్తితో పాత్ర అంతటిని దగ్గర దగ్గరగ తేలిక దెబ్బలు కొట్టి సరిచేయుదురు. ప్రతి దెబ్బకు ఒక చిన్న పలక ఏర్పడును. వేల పలకలు ఒకదాని అంచుపై మరియొకటి ఎక్కి, వెలుతురులో చెరువు నీటి అలలవలె మెరయును.

పూర్వపు ఐరోపా వెండిపనివారు ఈ పలకలను సాధారణముగ సానపట్టి తుడిచివేయుచుండిరి. దెబ్బ కనబడుట పని పూర్తికాలేదనుటకు గుర్తుగా ఎంచబడెను. అటువంటిది 1880 తరువాత ఇంగ్లండులో కొందరు ఈ జాడలను కావలెనని అట్లే నిలిపి, అదియే తమ పనికి అందమనిరి. ఈ మార్పునకు కారణము తెలియవలెనన్న, అంతకు ముందు నూరేండ్లలో లోహపు పనికి ఏమి జరిగినదో తెలిసికొనవలెను.

1743 ప్రాంతమున షెఫీల్డు నగరములో థామస్ బౌల్‌సోవర్ అను కత్తులపనివాడు రాగి దిమ్మపై వెండి పలకను వేడిమితో అతికించి, రెండింటిని కలిపి రేకుగా సాగదీయవచ్చునని కనుగొనెను. పైకి వెండి, లోపల రాగి. దీనికి షెఫీల్డు ప్లేటు అని పేరు వచ్చెను. 1840లో బర్మింగ్‌హామ్‌లోని ఎల్కింగ్‌టన్ కంపెనీవారు విద్యుల్లేపన పద్ధతికి పేటెంటు పొందిరి. వెండి సయనైడును పొటాసియమ్ సయనైడు ద్రావణములో కరిగించి, అందులో చవుక లోహపు వస్తువును ఋణధ్రువముగా వ్రేలాడదీసి విద్యుత్తును ప్రసరింపజేసినచో, దానిపై పలుచని వెండిపొర ఏర్పడును. సయనైడు ద్రావణము ఈ పనికి అనువైనదని గుర్తించినది జాన్ రైట్ అను ఒక వైద్యుడు. ఫారడే తన విద్యుద్విశ్లేషణ నియమములను ప్రకటించి అప్పటికి ఆరేడు సంవత్సరములే అయినది. విజ్ఞానము ప్రయోగశాల నుండి అంగడికి ఇంత వేగముగ నడచుట ఆనాటికి అరుదు.

దీనికి తోడు ఉక్కు అచ్చుల మధ్య రేకును పెట్టి ఒక్క పోటుతో పూవులు, లతలు దించు యంత్రములు వచ్చెను. తిరుగుచున్న లేత్‌పై రేకును నొక్కి నిమిషములలో గిన్నె చేయు పద్ధతియు వ్యాపించెను. 1851లో లండనులోని స్ఫటిక భవనములో జరిగిన మహాప్రదర్శనమును సుమారు 60 లక్షల మంది దర్శించిరి. యంత్రశక్తికి అది పట్టాభిషేకము. అక్కడ చూపిన బ్రిటిష్ వస్తువులలో చాలవాటిపై అలంకారము మితిమీరినదని, వస్తువు ప్రయోజనముతో దానికి పొత్తులేదని ఆనాడే కొందరు విమర్శించిరి. అదే కప్పు క్రింద భారతీయ చేతిపనులు కూడ ఉండెను. అప్పటి హైదరాబాదు సంస్థానములోనిదియు, నేడు కర్ణాటకలోనిదియు అగు బీదరునందు తయారైన బిద్రీ పాత్రలు వాటిలో ఉండెను. యశదము, రాగి కలిసిన మిశ్రలోహమును పోతపోసి, నల్లబరచి, అందులో వెండిని పొదుగుట బిద్రీ పని. ఓవెన్ జోన్స్ అను వాస్తుశిల్పి 1856లో ప్రకటించిన అలంకార శాస్త్ర గ్రంథములో ఆ ప్రదర్శనలోని భారతీయ లోహపు పనుల నమూనాలను రంగులలో అచ్చువేసి, వాటినుండి నేర్చుకొనవలసినది చాల కలదని తనవారికి తెలియజేసెను.

అయినను సమస్య అలంకారములోనే లేదని చెప్పినవాడు జాన్ రస్కిన్. గాంధీజీ 1904లో జొహానెస్‌బర్గ్ నుండి దర్బనుకు రైలులో పోవుచు చదివి, జీవితమునే మార్చుకొన్న పుస్తకమును వ్రాసిన రస్కిన్ ఈయనే. 1849లో వెలువడిన తన వాస్తుకళా గ్రంథములో ఆయన, చేతిపనికి బదులు పోతపనినో, యంత్రపు పనినో పెట్టి చేతిపనిగా చెల్లించుట మోసమనెను. నకలు అసలంత అందముగ ఉన్నను మోసము మోసమే, ఎందుకనగా చూచువాడు అక్కడ ఒక మనిషి శ్రమయు ఆలోచనయు ఉన్నవని నమ్ముచున్నాడు. తరువాతి గ్రంథమైన వెనిస్ శిలలలో మరియొక అడుగు ముందుకు వేసి, పనివానిని యంత్రమువలె తప్పులేకుండ చేయుమనుట అతనిని బానిసను చేయుట అని వాదించెను. ఈ మాటలు విలియమ్ మోరిస్ వంటి యువకులను కదలించెను. 1887లో ఏర్పడిన ప్రదర్శన సంఘము పేరునుబట్టి ఈ ఉద్యమమునకు ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమము, అనగా కళల, చేతిపనుల ఉద్యమము అను పేరు స్థిరపడినది. మొదటి ప్రదర్శనము 1888లో లండను రీజెంటు వీధిలోని న్యూ గ్యాలరీలో జరిగినది.

సుత్తి దెబ్బ జాడకు ఇప్పుడు క్రొత్త అర్థము వచ్చెను. అది పనివాని సంతకము. ఇక్కడ ఒక మనిషి నిలిచి, తన చేతితో, తన వివేకముతో పని చేసినాడనుటకు సాక్ష్యము.

ఈ భావమునకు రూపమిచ్చినవారిలో ముఖ్యుడు చార్లెస్ రాబర్ట్ ఆష్‌బీ. ఈయన 1863లో జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి, వాస్తుశిల్పము నేర్చి, లండను తూర్పు భాగములోని పేదల వాడలో టాయిన్‌బీ హాలు అను సేవాసంస్థలో నివసించుచు అక్కడి పనివారికి రస్కిన్‌ను బోధించుచుండెను. ఆ పాఠములనుండియే 1888లో గిల్డ్ ఆఫ్ హ్యాండీక్రాఫ్ట్ అను పనివారి సంఘము పుట్టినది. వృత్తిలో ఆరితేరినవారికంటె క్రొత్తవారినే ఆష్‌బీ ఎక్కువగ ఇష్టపడెను, ఆరితేరినవారి చేతికి అంగడి అలవాట్లు అంటియుండునని ఆయన భయము. వీధిలో తోపుడుబండి త్రోయుచుండిన కుర్రవాడొకడు ఈ విధముగ గిల్డులో చేరి మంచి లోహశిల్పి ఆయెను. అయితే నేర్పువారెవరు? పదహారవ శతాబ్దపు ఇటలీ స్వర్ణకారుడైన చెల్లీని తన పనిని గూర్చి వ్రాసిన గ్రంథములను ఆష్‌బీ స్వయముగ ఇంగ్లీషులోనికి అనువదించి 1898లో ప్రకటించి, తన గిల్డులోని లోహపు పనివారికే అంకితమిచ్చెను. మూడువందల ఏండ్లనాటి పుస్తకము ఒక కర్మాగారమునకు పాఠ్యగ్రంథమైనది. పుస్తకములు చదివి సుత్తి పట్టుట వింతగ తోచవచ్చును. కాని తండ్రి నుండి కొడుకుకు వచ్చు పరంపర తెగిపోయిన దేశములో వేరు మార్గమేమున్నది?

గిల్డు వెండి గిన్నెలను ఒకసారి చూచినవారు మరల సులభముగ పోల్చుకొందురు. పలుచని గిన్నె, దానినుండి గాలిలోనికి లేచి చుట్టుకొని తిరిగి అంచును తాకు తీగ పిడులు, పిడి మొదట ఒక చంద్రకాంతమణియో, పచ్చని రాయియో, నీలిరంగు మీనా బిళ్ళయో. అద్దమువంటి మెరుగు లేదు. సుత్తి పలకలపై మెత్తని కాంతి మాత్రమే. ఆకుపచ్చ గాజు సీసాకు వెండి తీగెల తొడుగు వేసిన మద్యపాత్రలు మరింత ప్రసిద్ధములు. వాటికి గాజును జేమ్స్ పావెల్ కంపెనీవారు ఊది ఇచ్చెడివారు. నా మట్టుకు ఈ ఉద్యమపు వస్తువులన్నిటిలో ఇవే మేలైనవని తోచును. పదార్థమును ఇంత పొదుపుగ వాడి ఇంత గాంభీర్యము తెచ్చుట సామాన్యము కాదు.

లండను బయట కూడ ఈ పని వ్యాపించినది. ఉత్తరాన కెస్‌విక్ పట్టణములో రాన్‌స్లీ అను మతాచార్యుడును, ఆయన భార్య ఈడిత్‌యు 1884లో సాయంకాలపు తరగతిగా ప్రారంభించిన పాఠశాల నూరేండ్లు నడచి 1984లో మూతపడినది. కార్న్‌వాల్ తీరమున న్యూలిన్ అను పల్లెలో జాన్ డ్రూ మెకెంజీ అను చిత్రకారుడు 1890లో బెస్తవారికి వేటలేని రోజులలో రాగిపని నేర్పెను. వారు తారువంటి మెత్తని పదార్థముపై రేకును పరచి, వెనుకనుండి ఉలులతో కొట్టి చేపలను, పీతలను, ఓడలను ఉబ్బెత్తుగ లేపెడివారు. తమకు బాగుగ తెలిసిన రూపములనే చెక్కుటవలన కాబోలు, న్యూలిన్ చేప నిజముగ ఈదుచున్నట్లుండును. అమెరికాలో డిర్క్ వాన్ ఎర్ప్ అను హాలెండువాడు నౌకా నిర్మాణశాలలో పనిచేయుచు, పారవేసిన ఫిరంగి గుండ్ల ఇత్తడి తొడుగులను కొట్టి పూలకూజాలు చేసెను. 1908లో ఓక్లండులో అంగడి తెరచెను. అతని రాగి దీపములకు అభ్రకపు రేకులే గొడుగులు. విద్యుద్దీపపు తీక్ష్ణతను అభ్రకము తేనెరంగు వెలుగుగ మార్చును. అభ్రకమును గూర్చి మన గూడూరు ప్రాంతము వారికి క్రొత్తగ చెప్పనక్కరలేదు.

ఈ ఉద్యమములో అందరును యంత్రమునకు శత్రువులు కారు. మోరిస్‌కు స్నేహితుడైన బెన్సన్ మోరిస్ ప్రోత్సాహముతోనే లోహపు పని ప్రారంభించి, హామర్‌స్మిత్‌లో కర్మాగారము పెట్టి, యంత్రములతోనే రాగి, ఇత్తడి దీపములను తయారుచేసెను. ఆయన దృష్టి సుత్తి జాడపై లేదు. మెరుగుపెట్టిన రాగి ఉపరితలము కాంతిని ఎట్లు పరావర్తనము చేయును, క్రొత్తగ వచ్చిన విద్యుద్దీపము కంటికి గ్రుచ్చుకొనకుండ ఏ వంపు కావలెను అనునవి ఆయన ప్రశ్నలు. యంత్రముతో చేసినదానిని యంత్రముతో చేసినట్లే కనబడనిచ్చెను. రస్కిన్ కొలతతో చూచినను ఇందులో మోసమేమియు లేదు.

అసలు చిక్కు వేరొక చోట వచ్చినది. లండనులో లిబర్టీ అను పెద్ద అంగడివారు 1899లో సిమ్రిక్ అను పేర వెండి సామానును, ఆ తరువాత ట్యూడ్రిక్ అను పేర ప్యూటర్ సామానును అమ్మసాగిరి. ఈ ప్యూటరు సీసము లేని తగరపు మిశ్రమము. కొంచెము ఆంటిమొనీ, రాగి కలుపుటవలన దానికి గట్టిదనము వచ్చును. వీటిలో మేలైన రూపములను కల్పించినవాడు మాన్ దీవికి చెందిన ఆర్చిబాల్డ్ నాక్స్. అల్లికలవంటి ఆయన గీతలు ఈనాటికిని చూడముచ్చటగ ఉన్నవి. కాని లిబర్టీవారు కల్పించినవాని పేరు వస్తువుపై వేయలేదు. తయారీ బర్మింగ్‌హామ్‌లోని హేస్లర్ కర్మాగారములో ఎక్కువగ ఉక్కు అచ్చులతో జరిగెను. ప్రజలకు సుత్తి జాడలపై మోజు కలిగినదని గ్రహించి, అచ్చుతో దించిన వస్తువులకు కూడ ఆ జాడలను తెచ్చిపెట్టసాగిరి.

రస్కిన్ ఏది మోసమనెనో అదియే ఇప్పుడు ఆయన శిష్యుల గుర్తును ధరించి అంగడిలో నిలిచినది. యంత్రము లతలను అనుకరించినప్పుడు, లతలను విడిచి సుత్తి జాడను పట్టుకొనిరి. యంత్రము ఆ జాడనే అనుకరించినప్పుడు పట్టుకొనుటకు మరేమి మిగిలినది? అయితే లిబర్టీవారిని పూర్తిగ తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. ఆష్‌బీ గిన్నెను కొనగలిగినది ధనవంతులు మాత్రమే. నాక్స్ గీసిన ప్యూటరు గడియారము, పూలకూజా మధ్యతరగతి ఇండ్లకు చేరగలిగినది. అందరి ఇంటికి అందమైన వస్తువు రావలెనన్న మోరిస్ కోరికను ఎవరు ఎక్కువ నెరవేర్చిరో నిర్ణయించుట తేలిక కాదు.

మ్యూజియములలోను, పాత వస్తువుల అంగళ్ళలోను కనబడు ఈ పాత్రలలో చేతిపనిని పోల్చుటకు కొన్ని ఆనవాళ్ళున్నవి. నిజమైన సుత్తి పలకలు ఏ రెండును అచ్చముగ ఒకటిగ ఉండవు. అచ్చుతో దించిన జాడలు ఒకే వస్తువుయొక్క రెండు ప్రతులలో ఒకే చోట, ఒకే వరుసలో వచ్చును. లేత్‌పై చేసిన గిన్నెలో, తరువాత మెరుగుపెట్టి తుడువనిచో, కేంద్రము చుట్టు సన్నని వలయములు కనబడును. వెండి అయినచో ముద్రలు మరింత సహాయము చేయును. ఆనాటి ఇంగ్లండు చట్టము ప్రకారము నూటికి 92.5 పాళ్ళు వెండి ఉన్నదనుటకు నడచు సింహపు ముద్ర, పరీక్షించిన ఊరి ముద్ర, సంవత్సరపు అక్షరము వేయుచుండిరి. లండను ముద్ర చిరుతపులి తల, బర్మింగ్‌హామ్ ముద్ర లంగరు. గిల్డు వెండిపై సాధారణముగ మొదటిది, లిబర్టీ సిమ్రిక్ వెండిపై ఎక్కువగ రెండవది ఉండును. రాగి వస్తువులకు ఇట్టి చట్టము లేదు కనుక కన్నే ఆధారము. వాటి గోధుమరంగు పొర చాలమార్లు పనివాడే గంధకపు లవణములతో తెప్పించినది, లేదా ఏండ్ల తరబడి గాలిలో ఆక్సీకరణమువలన ఏర్పడినది. మురికి అనుకొని పాలిషుతో దానిని తోమివేసినచో తిరిగి రాదు. పొడులతో రుద్దిన కొలది సుత్తి పలకల అంచులు కూడ అరిగిపోవును. చాల పాత్రల చరిత్ర ఈ విధముగ శుభ్రపరచు ఉత్సాహములోనే నశించినది.

ఆష్‌బీ గిల్డు సంగతి ఏమైనది? 1902లో గిల్డు లండనును విడిచి, కాట్స్‌వోల్డ్ కొండలలోని చిప్పింగ్ క్యాంప్‌డెన్ అను చిన్న ఊరికి తరలిపోయెను. పనివారు, భార్యాబిడ్డలు కలిసి సుమారు 150 మంది. పాతబడిన పట్టు మిల్లు ఒకటి వారి కర్మాగారమైనది. తోటలు, నాటకములు, సంగీతము, ఈతకొలను అన్నియు సమకూరినవి. అమ్మకములు మాత్రము తగ్గినవి. లండనులో పని సన్నగిల్లినప్పుడు పనివాడు మరియొక చోట కొన్నాళ్ళు పనిచేసి తిరిగి రాగలిగెడివాడు. పల్లెలో అట్టి అవకాశము లేదు. గిల్డు అతనికి జీతమిచ్చి వస్తువులు చేయించుచునే ఉండవలెను, అమ్ముడుపోని వస్తువులు పోగుపడుచునే ఉండును. సరదాకు లోహపు పని నేర్చిన కలవారి స్త్రీలు జీవనాధారముతో నిమిత్తము లేక తక్కువ ధరలకు అమ్ముటయు, లిబర్టీవంటి అంగళ్ళ పోటీయు తమను దెబ్బతీసినవని ఆష్‌బీ వాదించెను. 1908 నాటికి గిల్డు కంపెనీ ఎత్తివేయబడినది. కుటుంబములతో పల్లెకు వచ్చినవారిలో అనేకులు తిరిగి నగరములకు పోయిరి. అమెరికా సబ్బుల వర్తకుడు జోసఫ్ ఫెల్స్ కొనిపెట్టిన భూమిలో కొందరు వ్యవసాయము, చేతిపని రెండును సాగించి నిలువ ప్రయత్నించిరి. 1911లో ప్రకటించిన పుస్తకములో ఆష్‌బీ, నవీన నాగరికత యంత్రములపై ఆధారపడియున్నదని అంగీకరించెను. ఇరువది మూడేండ్లు అందుకు ఎదురీదినవాడు ఆ మాట వ్రాయుటకు ఎంత బాధపడియుండునో ఊహింపవచ్చును.

గిల్డు కూలిపోవుచున్న ఆ దినములలో దానికి పొరుగున బ్రాడ్ క్యాంప్‌డెన్‌లో, ఆష్‌బీ బాగుచేసి ఇచ్చిన పాత చర్చి ఇంటిలో కాపురమున్న వ్యక్తి ఆనంద కుమారస్వామి. కళాచరిత్రకారుడుగ ఈయన మనకు సుపరిచితుడు. కాని ఆయన మొదట భూగర్భ శాస్త్రజ్ఞుడు. సింహళములో ఖనిజ పరిశోధనశాఖకు అధిపతిగా పనిచేసి, 1904లో థోరియనైటు అను ఖనిజమును కనుగొనెను. పల్లెలు తిరుగుచు రాళ్ళు వెదకుచున్నప్పుడే, విదేశపు యంత్ర వస్తువులు వచ్చి అక్కడి చేతిపనివారి బ్రతుకును ఎట్లు తారుమారు చేయుచున్నవో ఆయన కంటబడెను. గిల్డుకు చెందిన ముద్రణాలయమును తీసికొని సింహళ మధ్యయుగపు కళను గూర్చిన మహాగ్రంథమును 1908 నాటికి అందులో అచ్చువేయించెను. 1909లో భారతీయ చేతిపనివారిని గూర్చి ఆయన వ్రాసిన చిన్న పుస్తకమునకు పీఠిక వ్రాసినవాడు ఆష్‌బీయే. మన గ్రామవృత్తుల చిత్రమును ఆ పుస్తకము కొంత అందముగ దిద్దినదనియే నా అభిప్రాయము. అయినను, తన గిల్డు మూతపడిన మరుసటి ఏడే ఆ మనిషి భారతదేశపు కంచరి, కంసాలుల బాగోగులను గూర్చి కలము పట్టెనని మరువరాదు.

గిల్డు వెండిపనివారిలో ఒకడైన జార్జి హార్ట్ మాత్రము ఆ ఊరు విడువలేదు. అదే పట్టు మిల్లులో తన పని సాగించెను. ఆయన వంశమువారు నేటికిని అక్కడనే, కాల్చి, కొట్టి, మరల కాల్చి, వెండి పాత్రలు చేయుచున్నారు.